నిద్రించిరి

అమ్మ ఒప్పుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని చెప్పి అబ్రహాము కంచం ముందు నుంచి లేచి వసారాలో కూర్చున్నాడు.

ఆ పంతం పట్టి గంట దాటింది. ఈలోపు అతను రెండుసార్లు కాఫీ తాగాడు. కాఫీ మంచినీళ్ళ కిందికి రాదని అతని వాదన కాబోలు. అడిగే ధైర్యం భార్య తెరేసమ్మకు లేకపోయింది.

వంటింట్లో అతని తల్లి అమలమ్మ పట్టుచీర కట్టుకుని కుంపటి మీద దిబ్బరొట్టె కాలుస్తోంది.

మామూలు పట్టుచీరైతే గొడవే లేదు. మీగడ రంగు మీద సన్నటి జరీ అంచున్న ఆ చీరను, తను పోయాక ఒంటికి చుట్టి శవపెట్టెలో పడుకోబెట్టమని ఆవిడ ఏనాడో కొనిపెట్టుకుంది. ట్రంకుపెట్టె అడుగున వేపాకు వేసి దాచి, ఏడాదికోసారి నీడన ఆరేసి మళ్ళీ మడతపెట్టేది. దాని సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది ఇవాళ మంగళవారంనాడు, పండగా పబ్బమూ లేకుండా, ఆ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బొగ్గులు విసురుతోంది.

"అత్తయ్యా, నిప్పురవ్వ పడితే చిల్లిపడుద్ది. అది దేనికి దాచుకున్న చీరో మర్చిపోయారా?" అంది తెరేసమ్మ.

"మర్చిపోలేదే. అప్పుడు కడితే మీరంతా చూస్తారు గానీ నేను చూసుకోలేను గదా" అంది అమలమ్మ.

తెరేసమ్మ రోలు ముందుకు లాక్కుంది. ఆ మాటలో తప్పెక్కడుందో వెతుక్కుంటూ కొబ్బరి పచ్చడి రుబ్బుకుంది.

బయట మెట్ల మీద రాతిపని హనుమయ్య తలగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు. పక్కన సంచిలో ఉలీ సుత్తీ ఉన్నాయి. పాపం, అతను కావాలని చేసిన ద్రోహమేం లేదు.

కిందటేడు పోయిన తండ్రి శౌరయ్య సమాధికి రాయి వేయించింది అబ్రహామే. నాన్న పేరు కింద అమ్మ పేరు కూడా ఇప్పుడే చెక్కించి, అడుగున ఆవిడ తారీఖు కోసం కాస్త చోటు వదిలిస్తే, ముందుముందు ఇంకో రాయి పనుండదనుకున్నాడు. హనుమయ్యకు అంతా నోటితోనే చెప్పాడు. శౌరయ్య, ఆయన భార్య అమలమ్మ, ప్రభువునందు నిద్రించిరి. హనుమయ్య అక్షరం పొల్లుపోకుండా చెక్కాడు. ఆత్మల పండుగనాడు బంతిపూలూ కొవ్వొత్తులూ పట్టుకుని ఇంటిల్లిపాదీ గుణదల సమాధుల తోటకు వెళితే, అమలమ్మ నిక్షేపంగా నిలబడి తన చావు తనే చదువుకుంది.

"మీరే గదండీ రెండు పేర్లు వెయ్యమన్నారు. కింద నిద్రించిరి అన్నారు. ఇద్దరు మనుషులు, నిద్రించిరి. నేను మాత్రం ఏమనుకుంటానండీ?" అన్నాడు హనుమయ్య. ఆ మాట అతను అప్పటికి చాలాసార్లు అని ఉంటాడు.

"ఆ 'రి' ఇద్దరని కాదయ్యా, గౌరవానికి. మా నాన్నగారికి గౌరవం."

"ఇద్దరికీ అదే, గౌరవానికీ అదే అయితే, రాయికేం తెలుస్తుందండీ? మా గుళ్ళల్లో దాతల పేర్లు చెక్కుతాం. భార్యాభర్తలు సమర్పించిరి అంటాం. ఇద్దరూ ఇచ్చినట్టేగా."

అబ్రహాము తల పట్టుకున్నాడు. ఆ 'రి' తీసేసి నిద్రించెను అని మార్చవచ్చని హనుమయ్య ముందే చెప్పాడు. అది అబ్రహాముకు గిట్టలేదు. ఊళ్ళో అంతా గారూ గారూ అని పిలిచిన మనిషిని రాతి మీద నిద్రించెను అంటే, ఎవరో దారినపోయేవాడు పోయినట్టుంటుందన్నాడు.

వంటింట్లోంచి అమలమ్మ గొంతు వచ్చింది.

"అయితే మీ నాన్నకి గౌరవం దక్కాలంటే నేను చావాలన్నమాట."

హనుమయ్యకు నవ్వొచ్చింది. తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. అమలమ్మ పేరు ఉలితో పూర్తిగా చెరిపేయడం. హనుమయ్య ఉలి తెచ్చింది అందుకే, అబ్రహాము అన్నం మానింది అందుకే. అమలమ్మ మాత్రం నా పేరు మీద ఉలి పెట్టొద్దని వారం నుంచీ ఒకటే పాట పాడుతోంది.

ఆవిడ రొట్టె తీసి, వేడివేడిగా ఒక ముక్క కంచంలో వేసుకుని వసారాలోకి వచ్చి కొడుకు ముందు కూర్చుంది. చనువుగా అతని మోకాలు తట్టింది.

"తిను. కోపం కడుపు మీద చూపించకు."

అబ్రహాము కంచం వైపు చూడలేదు. ఆవిడ చీర వైపు చూశాడు. పి.డబ్ల్యు.డి. ఆఫీసులో పదిమందిని గదమాయించే మనిషి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ రాయి నేను చూడలేనమ్మా. నాన్న లేడు, అమ్మ ఉంది అనుకుని ఏడాది నెట్టుకొచ్చాను. నువ్వేమో దాన్ని చూసి నవ్వుతున్నావు. ఇప్పుడేమో ఈ చీర."

అమలమ్మకు గుండె నీరైపోయింది. కొడుకు ఏడిచి ఎన్నాళ్ళయింది? తండ్రి పోయినప్పుడు కూడా పనుల హడావిడిలో ఏడవలేదు వాడు. ఆవిడ రొట్టె తుంచి నోటికందించింది. అతను చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

రొట్టె తిన్నాడు గానీ మాట వినలేదు. మూతి తుడుచుకుని హనుమయ్యను స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు. ముందు సామాను కొట్టుకెళ్ళి పాలిష్ రాయి తీసుకుంటామనీ, అటునుంచి అటే గుణదల వెళ్ళి భోజనం వేళకల్లా పని ముగించి వస్తామనీ తెరేసమ్మకు చెప్పాడు. తల్లితో చెప్పలేదు.

అమలమ్మ మళ్ళీ కుంపటి ముందుకొచ్చి రెండో రొట్టెకు పిండి పోసింది.

ఎందుకొద్దంటున్నావు అని కొడుకు అడిగాడు గానీ, ఆవిడకు చెప్పడం చేతకాలేదు. ఆ రోజు రాయి మీద తన పేరు చదవగానే ముందు కాళ్ళు చల్లబడ్డాయి. అంతలో చేతిలో కొవ్వొత్తి మైనం కారి వేలి మీద చుర్రుమంది. కాలినందుకు ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, ఇంకా కాలుతోంది అనుకుంది. అప్పుడే నవ్వొచ్చింది.

అప్పటినుంచీ ఏదో మారింది. ముక్కలన్నీ కొడుక్కీ మనవలకీ వడ్డించి, తను ఊటతో సరిపెట్టుకునే మనిషి, మొన్న ఆవకాయలో మంచి ముక్క ఏరి తన కంచంలో వేసుకుంది. ఎవరో గొప్పవాళ్ళు వస్తే తీద్దామని అద్దాల బీరువాలో దాచిన కప్పుల్లో రోజూ కాఫీ తాగుతోంది. పొద్దున్నే దొడ్లో పారిజాతాలు రాలుతుంటే చీపురు పక్కన పడేసి అక్కడే కూర్చుంటోంది. రాతి మీద రాసేశారు, ఇక దాచేదేముంది అన్న ధీమా. ఆ పేరు చెరిపేస్తే మళ్ళీ పాత అమలమ్మ అయిపోతానేమోనని ఆవిడ భయం.

అయితే దాచిందింకోటి ఉంది. దాన్ని మాత్రం బయటికి తీయలేకపోతోంది.

అది పామర్రులో ఉన్న చెల్లెలు సంపూర్ణమ్మ.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళమ్మ ఈ ఇంట్లోనే కన్నుమూసింది. ముసురు పట్టిన రోజులు. పామర్రుకు కబురు వెళ్ళింది గానీ, దారిలో కాలువ గట్టు తెగి బస్సులు ఆగిపోయాయి. చీకటిపడితే గోతిలో నీళ్ళూరతాయి, ఇక ఆగలేమన్నారు ఫాదరుగారూ, శౌరయ్యా. అమలమ్మ సరేనంది. సంపూర్ణమ్మ తెల్లారి మోకాళ్ళదాకా బురదతో వచ్చేసరికి అమ్మ లేదు, దిబ్బ ఉంది. పెట్టె గోతిలోకి దించాక అయినవాళ్ళు తలా పిడికెడు మట్టి వేస్తారు. కడుపున పుట్టిన బిడ్డకు ఆ పిడికెడు దక్కలేదు. మూసిన దిబ్బ మీద ఇప్పుడైనా వెయ్యమంటే, మూసేశాక వేసేదాన్ని మట్టి అనరంది. నా పిడికెడు లేకుండా చేశావు, ఇక నీతో మాట్లాడితే ఒట్టు అని వచ్చిన కాళ్ళతోనే వెళ్ళిపోయింది. శౌరయ్య పోయినప్పుడు కూడా భర్త ఏసుపాదాన్ని పంపింది గానీ తను రాలేదు.

వాన నేను కురిపించానా అని అమలమ్మ తొమ్మిదేళ్ళూ అనుకుంది. గట్టు నేను తెంపానా అని కూడా అనుకుంది. ఆ రాయి చూశాక ఆ రెండు మాటలూ ఎంత అనుకున్నా నిలవడం లేదు. ఇవాళ పొద్దున లేచి, పామర్రు బస్సెక్కుదామనే ఆ చీర కట్టుకుంది. ఆ చీరలు అక్కచెల్లెళ్ళిద్దరూ వన్‌టౌన్ కొట్టులో ఒక్కలాంటివే కొనుక్కున్నారు, ఆ వాన రాకముందు. కట్టుకుంది గానీ గుమ్మం దాటలేక, రొట్టె వంక పెట్టుకుని కుంపటి ముందు కూలబడింది.

అదుగో, అప్పుడు వినపడింది వీధి మలుపులో శోకం.

చావింటికి వచ్చే ఆడవాళ్ళు మలుపు దగ్గరే గొంతెత్తుకోవడం మామూలే. ఎవరో పోయినట్టున్నారు పాపం అనుకుని అమలమ్మ సిలువ గుర్తు వేసుకుంది. ఎదురింటి రాజ్యలక్ష్మి గుమ్మంలోకి రావడం కిటికీలోంచి కనిపించింది. శోకం దగ్గరైంది. దాటిపోకుండా వీళ్ళ గేటు దగ్గరే ఆగింది.

"ఓ అక్కా, నా తల్లీ, నన్నెవరికి అప్పజెప్పి పోయావే..."

అమలమ్మ చేతిలో విసనకర్ర జారిపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత విన్నా ఆ గొంతు ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు.

సంపూర్ణమ్మ వసారాలో చతికిలబడి గుండెలు బాదుకుంటోంది. ఆత్మల పండుగకు గుణదల వచ్చిన పామర్రువాళ్ళెవరో రాయి చదివి సంతలో ఆవిడ చెవిన వేశారట. కింద తారీఖు ఒకరిదే ఉందని చూసే ఓపిక ఎవరికుంది? అక్క పోయిన సంగతి కూడా రాతి మీద చదివినవాళ్ళు చెబితే గానీ నాకు తెలియలేదే అని రాగం తీసి ఏడుస్తోంది.

తెరేసమ్మ పచ్చడి చేత్తోనే పరుగెత్తబోయింది. అమలమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"ఉండవే కాసేపు."

"పాపం అత్తయ్యా, అట్లా ఏడుస్తుంటే..."

"బతికున్నానని తెలిస్తే నోరు మూసేసుకుంటుందే అది. ఈ మాటలు మళ్ళీ నాకెవరంటారు? కాస్త విననీ."

ఇద్దరూ తలుపు చాటున నిలబడ్డారు. వసారాలో శోకం తీగలా సాగుతోంది. బడికి వెళ్ళేటప్పుడు పంటకాలువ దాటడానికి భయపడితే చంకనెక్కించుకుని దాటించావే అంది. నిజమే, దాటించింది. దిబ్బరొట్టె అంచు కరకరలాడేది నాకు విరిచిపెట్టి, మధ్యది నువ్వు తినేదానివే అంది. అదీ నిజమే. కోపమంటే ఎరగని తల్లివే అంది. తెరేసమ్మ అత్తగారి మొహంలోకి చూసింది. అమలమ్మ చూపు తిప్పుకుంది.

"బావ పోయినప్పుడు పామర్రు బస్టాండుదాకా వచ్చి వెనక్కిపోయానే అక్కా. నా కాళ్ళు విరగ్గొట్టుకోనా..."

ఆ మాటకు అమలమ్మ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ రాయి అనుకున్న మనిషి బస్టాండుదాకా వచ్చిందా?

ఉన్నట్టుండి శోకం ఆగింది.

"తెరేసా, లోపల ఏదో మాడుతోంది చూడమ్మా" అంది సంపూర్ణమ్మ మామూలు గొంతుతో. ముక్కు చీది, మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంది.

కుంపటి మీద రొట్టె పొగలు కక్కుతోంది. తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుపో నవ్వో తెలియకుండా వెళ్ళి మూకుడు దించింది. అమలమ్మకూ నవ్వొచ్చేదే. కానీ బయట మాట మారింది.

"అమ్మకీ మట్టి వేయనివ్వలేదు. నీకూ వేయనివ్వలేదు. ఇదిగోనే, పామర్రులో మన దొడ్లో మట్టి. కొంగున మూటగట్టుకొచ్చా. ఎక్కడ వెయ్యనే అక్కా ఇది? మూసేశాక దీన్ని ఎవరి మీద వెయ్యను?"

ఇక వినలేకపోయింది అమలమ్మ. ఇంతసేపూ విన్నవన్నీ తనకిచ్చినవే అయినా, ఈ మాట మాత్రం దొంగతనంగా విన్నట్టయింది. తలుపు తోసుకుని వసారాలోకి వచ్చి నిలబడింది.

సంపూర్ణమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ముందు చీర అంచు చూసింది. అక్కణ్ణుంచి కుచ్చిళ్ళు, కొంగు, ఆపైన మొహం. మొహం మీద మసి. దయ్యాలకు మసి ఉండదని ఆవిడకు తోచి ఉంటుంది. నోరు మెల్లగా మూసుకుంది.

ఎదురింటి గుమ్మంలో రాజ్యలక్ష్మి కూడా కదలకుండా నిలబడిపోయింది.

సంపూర్ణమ్మ లేచి చీర దులుపుకుంది. కళ్ళు తుడుచుకుంది. తొమ్మిదేళ్ళ ఒట్టు గుర్తొచ్చినట్టుంది, తలుపు దగ్గరున్న తెరేసమ్మ వైపు తిరిగింది.

"తెరేసా, మీ అత్తని అడుగు. నన్ను రప్పించడానికి ఇంతకంటే మంచి ఉపాయం దొరకలేదా అని."

"నేను రప్పించలేదని చెప్పవే. రాతిపనివాడు పొరపాటు చేశాడు" అంది అమలమ్మ.

"అవునులే. ఆవిడెందుకు రప్పిస్తుంది? ఆ చీర ఎందుకు కట్టుకుందో అడుగు. దేనికి కొన్నామో నాకూ తెలుసు."

"పామర్రు బస్సెక్కుదామని కట్టుకున్నానని చెప్పు."

తెరేసమ్మ ఉలిక్కిపడింది. ఆ సంగతి ఆవిడకూ తెలియదు. ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి మాట ఎవరికి చెప్పాలో తెలియక, పచ్చడి చెయ్యి గాల్లో పెట్టుకుని చూస్తోంది.

సంపూర్ణమ్మ చీర అంచు వైపు మళ్ళీ చూసింది. "మరి ఎక్కలేదేమని అడుగు" అంది.

"కాళ్ళు రాలేదని చెప్పు" అంది అమలమ్మ.

కొంగున ఉన్న మట్టి మూటను సంపూర్ణమ్మ అరచేత్తో తడుముతూ ఉండిపోయింది. ఆ వేళ్ళు అచ్చం అమ్మ వేళ్ళలా ముదిరాయని అమలమ్మ అప్పుడే చూసింది. చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే విదిలిస్తుందేమో అనిపించింది.

"అబ్రహాం ఏడీ? వాణ్ణి చూసిపోతా" అంది సంపూర్ణమ్మ.

"గుణదల వెళ్ళాడు చిన్నత్తయ్యా. ఆ రాయి మీద అత్తయ్య పేరు చెరిపించేయడానికి. భోజనం వేళకల్లా అయిపోద్దన్నాడు" అంది తెరేసమ్మ.

సంపూర్ణమ్మ మొహం కందగడ్డయింది.

"చెరిపేస్తాడా? నేను చూడకుండానేనా? సరే. ఈ ఇంట్లో ఏదీ నేను వచ్చేదాకా ఆగదు గదా."

అని చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. మలుపులో ఖాళీగా ఉన్న రిక్షాను చెయ్యెత్తి పిలిచి ఎక్కి కూర్చుంది.

అమలమ్మకు ఆ ఒక్క మాటా సూటిగా వచ్చి తగిలింది. వాన గుర్తుకు రాలేదు, గట్టు గుర్తుకు రాలేదు. ఫాదరుగారు ఆగలేమన్నప్పుడు తను సరేనన్న మాట గుర్తొచ్చింది. ఒక్కసారి, చెల్లెలు దారిలో ఉందండీ, కాసేపు చూద్దామని అనలేదు తను. అని ఉంటే ఆగేవాళ్ళో కాదో, ఆ సంగతి వేరు.

ఆవిడ చెప్పులు వేసుకోలేదు. కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, మసి మొహంతో, చావుచీరతో వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటి రాజ్యలక్ష్మి గుమ్మంలోకి వెనక్కి తగ్గింది.

రిక్షావాడు పెడలు మీద కాలు పెట్టి అడుగుతున్నాడు.

"ఎక్కడికమ్మగారూ? బస్టాండుకేనా?"

సంపూర్ణమ్మ వెనక్కి తిరిగింది. రొప్పుతూ వచ్చి రిక్షా కమ్మీ పట్టుకున్న అక్కను చూసింది. మట్టి మూట ఒళ్ళోకి లాక్కుని, సీటులో ఓ పక్కకు జరిగి మొహం అటు తిప్పుకుంది.

"నన్నడగకు. ఆవిణ్ణి అడుగు" అంది.

అమలమ్మ ఎక్కి కూర్చుంది. ఎండ అప్పుడే నడినెత్తికి వస్తోంది.

"గుణదల పోనియ్ నాయనా" అంది రిక్షావాడితో. "కాస్త గట్టిగా తొక్కు. అక్కడ మావాడు నా పేరు చెరిపేస్తున్నాడు, ఇది ఇంకా చూడలేదు."